అద్దిన పచ్చ, ఆరిన పచ్చ

మొన్న ఇద్దరు కొత్త ఉద్యోగులు మా ఇంటికి వచ్చారు. దస్తూరీ, ఇంకు, కాగితం పరీక్షించి కోర్టుకు అభిప్రాయం చెప్పే పనిలో ఈ మధ్యనే చేరారట. కాఫీ తాగుతూ, "సార్, మీకు బాగా పేరు తెచ్చిన కేసు ఒకటి చెప్పండి" అని అడిగారు. ఏదో ఒకటి చెప్పి పంపించేశాను. వాళ్లు వెళ్లాక నా మీద నాకే కోపం వచ్చింది. ఈ వయసులో కూడా ఇంకా గొప్పలేనా! నాకు పేరు తెచ్చిన కేసు వేరే ఉంది. ఆ కేసులో ఒక మనిషి చచ్చిపోయాడు. అదెలా జరిగిందో ఆ ఇద్దరి కోసం, వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ పదవిలోకి వెళ్లానో, ఎన్ని ఫైళ్లు చూశానో ఇందులో ఉండవు. అవి ఎవరికి కావాలి?

కిటికీ ఉన్న గది

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. చిత్తూరులో కోర్టుకు దగ్గర్లో ఒక మేడ మీద గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఆ కిటికీ కోసమే దొరస్వామి మొదలియార్ గారు ఆ గదిని తీసుకున్నారు. ఆయన అంతకు ముందు డ్రాయింగు మాస్టరు. సంతకాలు పోల్చడంలో దిట్ట అని పేరు పడ్డాక కోర్టుల వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. బడి ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకున్నారు. నేను ఆయన సహాయకుణ్ణి. ఇరవై ఆరేళ్లు నాకు. కాలేజీలో కాస్త కెమిస్ట్రీ చదివాను. అర్హత అంతే, పొగరు మాత్రం చాలా ఎక్కువ.

అప్పట్లో మా జిల్లా కచేరీల్లో పచ్చ ఇంకు దొరలది. గుమాస్తా నల్ల సిరాతో రాస్తాడు, పై అధికారి పచ్చతో సంతకం పెడతాడు. పచ్చ సీసా బీరువాలో, బీరువా తాళం బంట్రోతు మొలతాటికి. గుమాస్తా వేలి మీద పచ్చ మరక కనిపించిందా, అయిపోయాడు, సంజాయిషీ రాసుకోవలసిందే. అందువల్ల దొంగ సంతకం అని కేసు వస్తే మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే: ఈ పచ్చ ఆ దొర సీసాలోదా, బయటిదా?

పచ్చను పోల్చడం నల్లను పోల్చినంత సులువు కాదు. గరిక పచ్చ, చిలక పచ్చ, నాచు పచ్చ, నీలం కలిసిన పచ్చ, పసుపు కలిసిన పచ్చ. లాంతరు వెలుగులో చూస్తే అన్నీ తప్పే. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, కిటికీ దగ్గర, నీడ వెలుగులోనే చూడాలి. చూడడానికి ముందు పది నిమిషాలు ఊరికే తెల్ల గోడ వైపు చూస్తూ కూర్చోవాలి. "కన్ను కడుక్కో అప్పా" అనేవారు మొదలియార్ గారు. కోర్టు కాగితాన్ని తడపకూడదు, గీకకూడదు. మందులు వేసి చూద్దామంటే వీల్లేదు. భూతద్దం, కన్ను, అంతే.

యుద్ధం వల్ల సీమ ఇంకు రావడం ఆగింది. ఇంకు బిళ్లలు నీళ్లల్లో కరగబెట్టి వాడేవాళ్లు. ఒక్కో కచేరీలో ఒక్కో పచ్చ. మాకు పని బాగా పెరిగింది.

పెరిగిన ఆ పనిలో ఒక గుట్టు ఉంది. మొదలియార్ గారి కళ్లకు శుక్లాలు వచ్చాయి. అక్షరం వంపు, ఒత్తిడి భూతద్దంలో బాగానే పట్టేవారు గానీ, రంగు తేడా ఆనడం లేదు. ఈ సంగతి ఆయన భార్యకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇదెట్టుండాది సెప్పప్పా" అని నన్ను అడిగి, నేను చెప్పిందే తన మాటగా కోర్టులో చెప్పేవారు. అది తప్పని నాకు తోచలేదు. పైగా లోలోపల మురిసిపోయేవాణ్ణి.

మూడు బండ్ల వడ్లు

ఆ తాలూకా పేరు చెప్పను. వడ్లు ఒక తాలూకా దాటి ఇంకో తాలూకాకు పోవాలంటే అప్పుడు పర్మిట్ ఉండాలి. శ్రీకాళహస్తికి పోతున్న మూడు బండ్ల వడ్లను దారిలో ఆపారు. పర్మిట్ ఉంది. కింద తహసీల్దారు పచ్చ సంతకం ఉంది. కానీ పైనుంచి ఎవరో, ఇంత కరువులో వడ్లు బయటికి ఎందుకు వదిలావని నిలదీసేసరికి తహసీల్దారు, "ఈ సంతకం నాది కాదు" అనేశాడు.

పర్మిట్ రాసింది ఆ కచేరీ గుమాస్తా మునిరత్నం. అతనిది కాళహస్తి. వడ్లు పోతున్నది అతని సొంత వీధికే, కలంకారీ గుడ్డలు అద్దేవాళ్ల వీధికి. ఆ వీధి వాళ్లు నెల రోజులుగా గంజితో కడుపు నింపుకుంటున్నారట. ఇంకేం రుజువు కావాలి అన్నారు పోలీసులు. సంతకం ఫోర్జరీ అని కేసు పెట్టారు.

పర్మిట్ మా గదికి వచ్చింది. దానితో పాటు తహసీల్దారు నాదే అని ఒప్పుకున్న పన్నెండు సంతకాలు వచ్చాయి, అన్నీ కచేరీ ఫైళ్లలోంచి తీసినవే. ఆయన సీసాలోంచి కాస్త పచ్చ ఇంకు చిన్న బుడ్డిలో వచ్చింది.

మొదలియార్ గారు భూతద్దం పెట్టి గంటసేపు చూశారు. "అక్షరం ఆయన అక్షరమే గదప్పా. ఆ కొస లాగినాడు సూడు, అది ఇంగొకరికి రాదు."

"మంచి ఫోర్జరీ అట్లాగే ఉంటుంది సార్. ఇంకు చూడండి" అన్నాను, ఆయనకు అది కనబడదని తెలిసీ.

కచేరీ సంతకాలు పన్నెండూ లేత పచ్చ. అంచులు కొంచెం చెదిరినట్టు ఉన్నాయి. పర్మిట్ మీది సంతకం ముదురు, నీలం తిరిగిన పచ్చ, గీత కొసల్లో మెరుపు ఉంది. బుడ్డిలోని ఇంకుతో నేను ఒక గీత గీశాను. గీయగానే అలవాటుగా తడి పీల్చే అద్దుడు కాగితం తీసి దాని మీద నొక్కాను. లేత పచ్చ వచ్చింది. కచేరీ సంతకాలతో అచ్చంగా సరిపోయింది. పర్మిట్‌తో సరిపోలేదు. రెండు ఇంకులు అని తేల్చేశాను.

ఆ నొక్కడం గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా గదిలోనే కాదు, ఏ కచేరీలోనైనా దొర సంతకం పెట్టీ పెట్టగానే పక్కన నిలబడ్డ బంట్రోతు అద్దుడు కాగితం నొక్కుతాడు. అది జరుగుతున్నట్టు ఎవరూ గమనించరు కూడా. ఆ పన్నెండు సంతకాలూ అట్లా అద్దినవే.

"నువ్వే పోయి సెప్పు, నీ పేరు మింద" అన్నారు మొదలియార్ గారు. రంగు మీద తనను గుచ్చి గుచ్చి అడిగితే దొరికిపోతానని ఆయన భయం. నాకైతే పండగే. కొత్త కోటు కుట్టించుకున్నాను.

బోనులో

మునిరత్నం నా ఈడు వాడే. సన్నగా ఉన్నాడు. నువ్వేం చెప్పుకుంటావని మేజిస్ట్రేటు అడిగితే చేతులు కట్టుకుని చెప్పాడు: "దొర ఆ పొద్దు క్యాంపులో ఉండిరి సామీ. బండి పలక మింద కాయితం పెడితే సంతకం సేసినారు. ఆడ అద్దుడు కాయితం లేదు. నేనే ఎండలో పట్టుకోని ఆరబెట్టినా."

క్యాంపులో దొర వెంట ఉన్న బంట్రోతుల పెద్ద, డఫేదారు, నేనేమీ చూడలేదు అన్నాడు. తహసీల్దారు, ఆ వేళ నేను అసలు ఏ పర్మిట్ మీదా సంతకం పెట్టలేదు అన్నాడు. చాలా ఏళ్లు ఆయన మరిచిపోయి ఉంటాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆయన అబద్ధం ఆడాడు. ఉద్యోగం కాపాడుకోవడానికి ఆడాడు.

కానీ నా సంగతేమిటి? నేను ఆ గదిలోనే, రెండో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఎండలో ఆరబెట్టాను అని ఆ మనిషి అన్న మాట నా చెవిన పడింది. నా తల్లో మాత్రం నా వంతు వచ్చినప్పుడు ఎట్లా నిలబడాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నదే తిరుగుతోంది. అవతలివాడు తన ప్రాణం నిలిపే మాట చెబుతుంటే నేను కోటు గుండీ సరిచేసుకుంటున్నాను.

"రెండు ఇంకులూ వేరని ఖాయంగా చెప్పగలరా?" అని మేజిస్ట్రేటు అడిగారు.

"ఖాయంగా చెప్పగలను" అన్నాను.

రెండేళ్లు జైలు. తీర్పులో నా పేరు రాసి, పరీక్ష శాస్త్రీయంగా ఉందని మెచ్చుకున్నారు. ఆ తీర్పు నకలు తెప్పించుకుని మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత ఆ జిల్లాలోనే కాదు, చుట్టుపక్కల కూడా నన్ను పేరు పెట్టి పిలిపించడం మొదలైంది. పేరు తెచ్చిన కేసు అంటే ఇదే.

చెంగయ్య

తీర్పు వచ్చిన ఎనిమిదో రోజు పొద్దున మొదలియార్ గారు గదికి రాకముందు ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చిన్న మూట. గోళ్లన్నీ నీలం. గుమ్మం బయటే నిలబడి, "సామీ, నేను మునిరత్నం నాయన్ని. సెంగయ్య అంటారు" అన్నాడు.

తగాదాకు వచ్చాడనుకున్నాను. "కేసు గురించి నాతో మాట్లాడకూడదు" అన్నాను, బిగుసుకుని.

"కేసు గురించి మాట్లాడేదానికి నేనెవురు సామీ. నాకు సదువు రాదు. పచ్చ గురించి ఒగ మాట అడిగి పోదామని వచ్చినా."

"ఏం మాట?"

"మేం గుడ్డ మింద రంగు ఏస్తాం గదా. ఏసిన ఎంటనే గుడ్డ పేలికతో అద్దితే ఒగ మాదిరి వస్తాది. ఆరేదాకా ఇడిసిపెడితే ఇంగొగ మాదిరి వస్తాది. కుండలో రంగు మాత్రం ఒగటే. మావాడు కాయితాన్ని ఎండలో ఆరబెట్టినా అని సెప్పె. మీరు రంగు వేరే అని సెప్తిరి. కాయితానికి గూడా మా గుడ్డ మాదిరే ఉంటాదేమో అని, వారం దినాలుగా అదే రోదన నాకు." మూట విప్పి రెండు గుడ్డ ముక్కలు చూపించాడు. వాటి మీద ఆకులు. ఒకదాని మీద ముదురుగా, ఒకదాని మీద లేతగా. "ఆ దొర ఇంకు మీకాడ ఉండాదంట గదా. రెండు గీతలు గీసి సూడండి సామీ. ఒగదాన్ని అద్దండి. ఒగదాన్ని అట్లే ఇడిసిపెట్టండి."

ఆయన్ను పంపించేస్తే చాలని ఒప్పుకున్నాను. బుడ్డిలో అడుగున ఇంకా ఇంకు ఉంది. ఒకే కాగితం మీద, ఒకే పాళీతో రెండు గీతలు గీశాను. ఒకదాన్ని అద్దాను. కాగితాన్ని చెంగయ్య తీసుకుని వరండాలో ఎండలోకి వెళ్లి, రెండు చేతులతో రెండు మూలలూ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

భూతద్దం తీసి చూశాను. అద్దిన గీత లేత పచ్చ, అంచు చెదిరి ఉంది. ఆరిన గీత ముదురు, నీలం తిరిగింది, కొసన మెరుపు. పర్మిట్ మీద నేను చూసింది అదే. కోర్టులో నేను వేరే ఇంకు అని ఖాయంగా చెప్పింది అదే.

"ఇదేనా సామీ, మీరు ఆడ సూసింది?" అన్నాడు.

అవును అనాలి. అప్పుడే, ఆ గదిలోనే, కాళ్ల మీద పడైనా అనాలి. "పెద్దవాళ్లతో మాట్లాడి చెబుతాను" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. అర్థమైపోయింది ఆయనకు. అయినా గట్టిగా ఒక్క మాట అనలేదు. "మంచిది సామీ. జైల్లో వాడికి ఒళ్లు బాగలేదంట. కడుపులో ఏందీ నిలవదంట. రొంత బిరీన సెప్పండి" అని మూట కట్టుకుని మెట్లు దిగాడు.

నెల రోజులు

మొదలియార్ గారు రాగానే ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. కంటికి ఆనించుకుని, దూరం పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "రెండూ ఒగే మాదిరి ఉండాయే" అన్నారు. పాపం, ఆయన కంటికి ఆ రెండు పచ్చల్లో తేడానే తెలియలేదు. నేను అంతా చెప్పాను.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు: "తప్పు సెప్పినా అని నువ్వు రాసిస్తే ఏమడుగుతారు? ఇంతకు ముందు కేసుల్లో రంగు ఎవరు సూసినారు అంటారు. నా కండ్ల సంగతి బయటపడతాది. నా మాట మింద ఎంతమంది లోపల ఉండారో నీకు తెలుసా? అప్పీలు ఏసినారు గదా. వాళ్ల వకీలు వచ్చి అడిగితే సెప్పు. అడక్కుండా పోవద్దు."

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది. పెద్దాయన వద్దన్నారు, నేనేం చేయను? వకీలు నన్ను ఏమని అడుగుతాడు? ఆయనకు ఈ సంగతే తెలియదు. కోర్టు వరండాలో రోజూ ఎదురుపడేవాడు. నమస్కారం అంటే నమస్కారం అనుకుని వెళ్లిపోయేవాళ్లం. చెంగయ్య చెబితే మాత్రం వింటారా, నేను చెప్పాలి గానీ. ఒకనాడు చెంగయ్య మా మేడ మెట్ల మీద కూర్చుని ఉండడం వీధి చివర నుంచే చూశాను. వెనక్కి తిరిగి, మధ్యాహ్నం దాకా ఊళ్లో అక్కడా ఇక్కడా తిరిగి వచ్చాను. అప్పటికి ఆయన వెళ్లిపోయాడు.

ఈ పనిలోకి వచ్చే మీరు ఒకటి గుర్తుపెట్టుకోండి. నమూనాలు ఎవరు పంపించారో, ఎక్కడ, ఎట్లా రాసినవో అడగండి. ఏ కాగితం, ఎట్లా ఆరింది అని అడగండి. బోనులో ఉన్నవాడు చెప్పింది మీరే వినండి, ప్లీడరు వింటాడులే అనుకోవద్దు. ఇవన్నీ నేర్చుకోగలిగినవే, నేను కూడా ఆలస్యంగానైనా నేర్చుకున్నాను. కంటి తప్పు ఎవరికైనా జరుగుతుంది. తప్పని తెలిసిన తర్వాత ఊరుకున్నానే, అది తప్పు కాదు, నేరం. దానికి శిక్ష వేసే మేజిస్ట్రేటు ఎవరూ లేరు కాబట్టి నేను ఇన్నాళ్లు గౌరవంగా బతికాను.

చివరికి నా అంతట నేనే కదిలానని రాసుకోవాలని ఉంది. అదీ అబద్ధమే అవుతుంది. నెల గడిచాక ఒక పొద్దున మొదలియార్ గారే వచ్చి తలపాగా తీసి బల్ల మీద పెట్టి, "నిద్ర పట్టడంలే అప్పా. పోయి రాసియ్యి. నా కండ్ల గురించి అడిగితే అదీ సెప్పు. నేనింగ ఎన్నాళ్లు ఉంటా" అన్నారు. అప్పుడు కూర్చుని రాశాను. ఒకే ఇంకు అద్దితే ఒక రంగు, ఆరితే ఒక రంగు అని, ముద్దాయి చెప్పింది పూర్తిగా నిజం కావచ్చునని, నా అభిప్రాయం తప్పని రాశాను. ఆ రెండు గీతల కాగితం జత చేసి వకీలు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన నిలబడే చదివాడు. చదివి కళ్లద్దాలు తీశాడు. "మీకు తెలియదా? మునిరత్నం పోయి నాలుగు రోజులైంది. జైల్లో రక్త విరేచనాలు. నిన్ననే కాగితం వచ్చింది నాకు."

"మరి అప్పీలు?"

"మనిషే లేడు కదండీ. అప్పీలు దానంతట అదే పోయినట్టు. ఇంక దాన్ని ఎవరూ వినరు."

కాళహస్తి

వకీలు దగ్గర కాగితం వెనక్కి తీసుకుని మర్నాడు బస్సెక్కాను. ఎందుకు వెళ్తున్నానో నాకే సరిగా తెలియదు. క్షమించమని అడగాలనుకున్నానేమో. ఇంటి ముందు చెంగయ్య నేల మీద గుడ్డ పరుచుకుని, కలం పట్టుకుని నల్ల గీతలు గీస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లేచి నిలబడ్డాడు, నాకోసం!

"రాసి తెచ్చినా" అన్నాను. నా నోట కూడా వాళ్ల మాటే వచ్చింది.

"ఏమని సామీ?"

"మీ వాడు చెప్పింది నిజమని. నాదే తప్పని."

"ఇది కోర్టోళ్లకు ఇస్తే వాళ్ల కాయితంలో మారస్తారా? దొంగ సంతకం పెట్టినోడని రాసినారే, అది కొట్టేస్తారా?"

"కొట్టెయ్యరు. మనిషి పోయాక ఇంక దాన్ని తియ్యరట."

"అయితే అట్లే ఉంటాది."

"అట్లాగే ఉంటుంది" అన్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయన నన్ను ఓదార్చలేదు. ఓదార్చవలసిన పని ఆయనకు లేదు.

ఎదురింటి వాళ్లను, పక్కింటి వాళ్లను కేకేశాడు. ఏడెనిమిది మంది వచ్చారు. అందరి గోళ్లూ నీలమే. "ఈ అయ్య కోర్టులో మన మునిరత్నం గురించి సెప్పినాయన. ఇప్పుడు ఏందో రాసి తెచ్చినాడు. సదువుతాడు, ఇనండి" అన్నాడు. వీధిలో నిలబడి, ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె మునిరత్నం తల్లి అని తర్వాత తెలిసింది. మిగతావాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లారు.

చెంగయ్య కాగితం అందుకుని, జత చేసిన రెండు గీతలను వేలితో తడిమాడు.

"ఇది రాసేదానికి ఎంతసేపు పట్టె సామీ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అరగంట" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకున్నాడు. మళ్లీ గుడ్డ ముందు కూర్చుని కలం తీసుకుని, నా వైపు చూడకుండానే, "బస్సుకు పొద్దయితాది, పోండి సామీ" అన్నాడు.